ఒక గాలను పెట్రోలు: ఎంత దూరము?

లెక్కల తరగతిలో విద్యార్థులకు ఈ చిన్న ప్రశ్న ఇచ్చి చూడండి. ఒక రైతువద్ద గాలను పెట్రోలుకు 12 మైళ్లు నడిచే పికప్ ట్రక్కు ఉన్నది. దానిని బాగుచేయించి 15 మైళ్లు నడిచేటట్లు చేసుకొన్నాడు. అతని పొరుగువాడు గాలనుకు 30 మైళ్లు నడిచే కారును అమ్మివేసి, 60 మైళ్లు నడిచే కారును కొన్నాడు. ఇద్దరూ ఏడాదికి 10,000 మైళ్లు తిరుగుతారు. ఎవరికి ఎక్కువ పెట్రోలు ఆదా అవుతుంది?

తరగతిలో చాలమంది పొరుగువాని పేరే చెప్పుదురు. రైతుకు పెరిగినవి మూడు మైళ్లే కదా, పొరుగువానికి ముప్పది మైళ్లు పెరిగినవి కదా అని వారి వాదము. ఇప్పుడు భాగహారము చేయండి. రైతు ట్రక్కు ఇదివరలో 833 గాలనులు తాగేది. ఇప్పుడు 667 గాలనులు చాలును. పొరుగువాని కారు 333 గాలనులు తాగేది. ఇప్పుడు 167 చాలును. ఇద్దరికీ మిగిలినది ఒక్కటే: 166 గాలనుల పైచిలుకు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అను ఇద్దరు పరిశోధకులు 2008లో 'సైన్స్' పత్రికలో ఈ భ్రమను వివరించినారు. గాలనుకు ఎన్ని మైళ్లు అని అడిగినంతకాలము మనస్సు మోసపోతుంది. నూరు మైళ్లకు ఎన్ని గాలనులు అని అడిగితే నిజము కనబడుతుంది.

దీనినిబట్టి తేలేది ఏమనగా, ఎక్కువ తాగే బండిలో చేసే కొద్దిపాటి మేలే పెద్ద పొదుపు. అందుచేతనే పికప్ ట్రక్కు మైలేజి చరిత్ర మనము తెలిసికొనదగినది. ఈ వ్యాసములో గాలను అన్నచోటనెల్ల అమెరికా గాలను, అనగా 3.785 లీటర్లు, అని గ్రహించవలెను.

తొట్టి బండి పుట్టుక

పికప్ ట్రక్కు అనగా ముందు ఇద్దరు ముగ్గురు కూర్చొనే గది, వెనుక పైకప్పులేని తొట్టి గల చిన్న సరకుల బండి. మొదట అమెరికా రైతులు కారును కొని, వెనుకభాగము తీసివేసి, తామే కొయ్యపెట్టె బిగించుకొనేవారు. 1925లో ఫోర్డు కంపెనీ తన 'మోడల్ టి' కారుకు కర్మాగారములోనే ఉక్కుతొట్టి అమర్చి 281 డాలర్లకు అమ్మినది. దాని ఇంజను సుమారు 2.9 లీటర్ల పరిమాణము గలది. కాని దాని శక్తి 20 గుర్రపు బలము మాత్రమే. మోడల్ టి బండ్లు గాలనుకు 13 మొదలు 21 మైళ్లవరకు, అనగా లీటరుకు 5.5 మొదలు 9 కిలోమీటర్లవరకు నడిచేవి.

అంత తేలికైన బండి, అంత మెల్లగా నడిచేది, ఇంత తక్కువ మైలేజి ఏల ఇచ్చినది? కారణము ఇంజను లోపలనే ఉన్నది. సిలిండరులోనికి వచ్చిన గాలి, పెట్రోలు ఆవిరుల మిశ్రమమును పిస్టను ఎంత గట్టిగా అదిమితే, అది మండినప్పుడు అంత ఎక్కువ పని దొరుకుతుంది. ఎన్నింట ఒక వంతుకు అదుముతుందో దానిని సంపీడన నిష్పత్తి అంటారు. మోడల్ టి లో అది సుమారు 4. అంతకుమించి అదిమితే ఆనాటి పెట్రోలు సమయమునకు ముందుగానే, ఒక్కసారిగా మండి, ఇంజనులో సుత్తితో కొట్టినట్లు చప్పుడు వచ్చేది.

ఈ చప్పుడుకు విరుగుడుగా 1921లో జనరల్ మోటార్సు పరిశోధనాలయములో థామస్ మిడ్జిలీ సీసపు సమ్మేళనమొకదానిని కనుగొన్నాడు. దానిని పెట్రోలులో కొద్దిగా కలిపితే చప్పుడు అణగినది. సంపీడన నిష్పత్తి పెంచుటకు వీలైనది. కాని సీసము విషము. పొగగొట్టముల నుండి వెలువడిన సీసము ఊపిరితో లోపలికి పోయి, ముఖ్యముగా పిల్లల మెదడును దెబ్బతీసినది. అమెరికా 1996లోను, మన దేశము 2000లోను రోడ్డు బండ్ల పెట్రోలులో సీసమును పూర్తిగా మానివేసినవి. ప్రపంచములో చివరి దేశము మానివేయుట 2021లో జరిగినది. ఒక పొదుపు మార్గమునకు లోకము చెల్లించిన వెల ఇది.

శక్తి ఎక్కడికి పోతున్నది?

పెట్రోలులోని శక్తిని నూరు పాళ్లనుకొంటే, డెబ్బది పాళ్ల వరకు ఇంజనులోనే వేడిగా పోతుంది. కొంత రేడియేటరు ద్వారాను, కొంత పొగగొట్టము ద్వారాను గాలిలో కలుస్తుంది. మిగిలినది చక్రములను చేరి మూడు పనులకు ఖర్చవుతుంది. మొదటిది టైర్ల దొర్లుడు నిరోధము. రెండవది గాలి నిరోధము. మూడవది బండికి వేగము కలిగించుట. బ్రేకు వేసినప్పుడెల్ల ఆ శక్తి వేడిగా మారి వృథా అవుతుంది.

వీనిలో దొర్లుడు నిరోధము బండి బరువునుబట్టి ఉంటుంది. వేగము పెరిగినను అంతగా మారదు. గాలి నిరోధము సంగతి అట్లు కాదు. అది వేగము యొక్క వర్గమునుబట్టి పెరుగుతుంది. గంటకు 35 మైళ్ల వేగములో ఉన్న నిరోధము 60 మైళ్ల వేగములో సుమారు మూడు రెట్లవుతుంది. పికప్ ట్రక్కు ఎత్తైనది, ముఖము చదునైనది, వెనుక గొయ్యివంటి తొట్టి ఉన్నది. కనుక గాలికి దీనిపై పగ ఎక్కువ అని చెప్పవచ్చును.

ఈ విషయమును ఇంజనీర్లు చాలకాలము క్రిందటనే గుర్తించినారు. మిషిగన్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడైన వాల్టర్ లే, బండి ఆకారము సరిదిద్దితే గాలనుకు 50 మైళ్లు సాధ్యమా అని ప్రశ్నిస్తూ 1933లోనే ఒక పరిశోధన పత్రము ప్రకటించినాడు. పెట్రోలు చౌకగా దొరకే ఆ దేశములో అప్పటికి ఆ ప్రశ్న ఎవరికీ అత్యవసరముగా తోచలేదు.

యుద్ధము నేర్పిన పొదుపు

1942 మొదటి నెలలలో జపాను సైన్యములు మలయాను, డచ్చివారి తూర్పు ఇండియా దీవులను ఆక్రమించినవి. అమెరికాకు వచ్చే సహజ రబ్బరులో అధికభాగము ఆ ప్రాంతములదే. టైర్లు లేనిదే సైన్యము కదలదు. టైర్లు అరగకుండ ఉండవలెనన్న జనులు బండ్లు తక్కువగా నడపవలెను. వారు తక్కువగా నడపవలెనన్న పెట్రోలు తక్కువగా ఇవ్వవలెను. ఈ ఆలోచనతోనే 1942 డిసెంబరు 1 నుండి దేశమంతట పెట్రోలు రేషను పెట్టినారు. సాధారణ కారు యజమానికి వారమునకు నాలుగు గాలనులు, తరువాత మూడు గాలనులు మాత్రమే లభించేవి. సరకులు మోసే ట్రక్కులకు వేరుగా 'టి' గుర్తు చీటీలు ఉండేవి. గరిష్ఠ వేగము గంటకు 35 మైళ్లు.

రబ్బరు కొరకు పెట్టిన నిబంధన పెట్రోలును కూడ కాపాడినది. వేగము తగ్గినందున గాలి నిరోధము తగ్గినది. టైరు వేడెక్కుట, అరుగుట తగ్గినవి. టైర్లలో గాలి సరిచూచుకొనుట, అనవసరపు బరువు దింపివేయుట, ఒకే దారిలో పనులన్నీ చక్కబెట్టుకొనుట వంటి అలవాట్లు అప్పుడు ఇంటింటికి ప్రవేశించినవి. అదే యుద్ధకాలములో మన దేశమున పెట్రోలు దొరకక, వెనుక బొగ్గుకుంపటి కట్టుకొని నడిచిన బస్సులను పెద్దలు చెప్పగా వినే ఉంటారు. అవసరము ఒకటే; ఉపాయములు వేరు.

ఒక పందెము కథ

యుద్ధమునకు ముందు, 1939లో, ఇల్లినాయి రాష్ట్రములోని వుడ్ రివర్ లో ఉన్న షెల్ కంపెనీ పరిశోధనాలయపు శాస్త్రజ్ఞులు తమలో తాము ఒక సరదా పందెము వేసుకొన్నారు. ఎవరి కారు ఒక గాలనుతో ఎక్కువ దూరము పోతుంది? గెలిచినవారి దూరము 49.73 మైళ్లు. పందెము ఏటేట పెరిగి పోటీగా మారినది. 1949లో 1947 నాటి స్టూడిబేకరు కారు 149.95 మైళ్లు పోయినది. 1968లో ఫియట్ 600 కారు 244.35 మైళ్లు, 1973లో 1959 నాటి ఓపెల్ కారు 376.59 మైళ్లు పోయినవి. చివరి సంఖ్య లీటరుకు 160 కిలోమీటర్లకు సమానము.

అయితే ఇట్టి కారులో సంతకు పోవుట సాధ్యము కాదు. ఆ ఓపెల్ లో అనవసరమైన భాగములన్నీ ఊడదీసినారు. చక్రములకు శక్తిని గొలుసుతో అందించినారు. టైర్లు మిక్కిలి గట్టివి వేసినారు. నడక మిక్కిలి మెల్లన. ఇంత చేసినప్పటికి వారు ప్రకృతి నియమమునేదియు మీరలేదు. బరువు, గాలి, దొర్లుడు, ఇంజను వేడి అను నాలుగు శత్రువులను ఒక్కొక్కదానినే తగ్గించుకొంటూ పోయినారు. పొదుపునకు పరమావధి ఎక్కడ ఉన్నదో ఈ పోటీ చూపినది. రోజువారీ బండి ఎట్లుండవలెనో అది చెప్పలేదు.

అద్భుత పరికరముల ఆశ

ఇదే కాలములో మరొక కథ నడిచినది. కెనడాలోని విన్నిపెగ్ నివాసియైన చార్లెస్ నెల్సన్ పోగ్ 1930లలో ఒక కొత్త కార్బురేటరుకు పేటెంట్లు పొందినాడు. పెట్రోలును వేడిచేసి పూర్తిగా ఆవిరిగా మార్చి ఇంజనుకు పంపుట దాని పద్ధతి. గాలనుకు 200 మైళ్లు వస్తుందని ప్రచారము జరిగినది. అది మార్కెట్టులోనికి రానందున చమురు కంపెనీలు దానిని తొక్కిపెట్టినవను మాట నేటికిని వినబడుతూనే ఉన్నది.

ఈ మాటను పరీక్షించుటకు మనకు పదవ తరగతి భౌతికశాస్త్రము చాలును. లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ల శక్తి ఉన్నది. గాలనుకు 200 మైళ్లు అనగా, పెద్దదైన ఇంగ్లీషు గాలనునే తీసికొన్నప్పటికి, లీటరుకు 70 కిలోమీటర్లు. అనగా మీటరు దూరమునకు లభించే శక్తి 457 జౌళ్లు. ఒక్క జౌలు కూడ వృథా కాకపోయినను, బండిని తోయుటకు దొరికే సగటు బలము 457 న్యూటనులు మాత్రమే. ఆనాటి పెద్ద కారు బరువు 1,500 కిలోలనుకొంటే దొర్లుడు నిరోధమే 220 న్యూటనులు ఉంటుంది. గంటకు 70 కిలోమీటర్ల వేగములో అట్టి పెట్టెవంటి కారుకు గాలి నిరోధము 400 న్యూటనులకు దగ్గరగా ఉంటుంది. మొత్తము 620. ఉన్నది 457, కావలసినది 620! నూటికి నూరుపాళ్లు దక్షత గల ఇంజనుకే సాధ్యము కానిది, డెబ్బది పాళ్లు వేడిగా పోగొట్టుకొనే ఇంజనుకు ఎట్లు సాధ్యము? ఇక్కడ కుట్రను వెదకవలసిన పని లేదు.

ఆశ మాత్రము చావలేదు. పెట్రోలు గొట్టముపై కట్టే అయస్కాంతములు, గాలిని సుడి తిప్పే రెక్కలు, ట్యాంకులో వేసే గుళికలు ఎన్నో అంగడికి వచ్చినవి. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 1970లనాటి నుండి ఇట్టి పరికరములను నూరుకు పైగా పరీక్షించినది. బహు కొద్దింటికి మాత్రమే స్వల్పలాభము కనబడినది. కొన్ని ఇంజనుకు హాని చేయగలవని కూడ తేలినది. కొన్నవారు లాభము కలిగినదని నమ్ముటకు కారణము లేకపోలేదు. డబ్బు పెట్టి పరికరము కొన్న మనిషి మరునాటినుండి మెల్లగా, జాగ్రత్తగా నడుపుతాడు. మైలేజి పెంచినది అతని పాదము. కీర్తి అయస్కాంతమునకు దక్కినది.

1973: మేలుకొలుపు

1973 అక్టోబరులో అరబ్బు దేశములు అమెరికాకు చమురు ఎగుమతిని నిలిపివేసినవి. పీపా మూడు డాలర్లున్న చమురు కొన్ని నెలలలో పన్నెండు డాలర్ల దగ్గరకు చేరినది. పెట్రోలు బంకుల వద్ద మైళ్ల పొడవున వరుసలు కట్టిన ప్రజలకు వాల్టర్ లే ప్రశ్న అప్పుడు అర్థమైనది. 1974 జనవరి 2న అధ్యక్షుడు నిక్సన్ గంటకు 55 మైళ్ల వేగపరిమితి చట్టముపై సంతకము చేసినాడు. అది 1995 వరకు అమలులో ఉన్నది. గంటకు 65 మైళ్లకు బదులు 55లో నడిపితే గాలి నిరోధము సుమారు 28 శాతము తగ్గుతుంది. ఈ సంఖ్యను విద్యార్థులే వర్గములు కట్టి సరిచూడవచ్చును.

1975లో వచ్చిన మరొక చట్టము బండ్లు తయారుచేసే కంపెనీలకే మైలేజి లక్ష్యములు విధించినది. కార్ల సగటు 1978లో గాలనుకు 18 మైళ్లు, 1985 నాటికి 27.5 మైళ్లు కావలెను. చిన్న ట్రక్కులకు మాత్రము 1979 నుండి తేలికైన లక్ష్యము పెట్టినారు: రెండు చక్రములు నడిపే వానికి 17.2, నాలుగు చక్రములు నడిపే వానికి 15.8. ట్రక్కులు రైతులకు, పనివారికి అవసరమైన పనిముట్లు అను దయతో ఈ సడలింపు ఇచ్చినారు. కాని తరువాత ఏమి జరిగినది? కుటుంబములు సైతము కార్లను వదలి పికప్పులను, ట్రక్కు జాతికి చెందిన పెద్ద బండ్లను కొనసాగినవి. ఇంజనీర్లు సాధించిన మెరుగుదల మైలేజికి కాక గుర్రపు బలమునకు, బరువునకు ఖర్చయినది. 1987 నుండి 2004 వరకు అమెరికాలో కొత్తబండ్ల సగటు మైలేజి పెరగకపోగా తగ్గినది. చట్టములోని చిన్న సందు ఒక దేశపు రోడ్ల రూపునే మార్చివేసినది.

సైకిలుపై దొరికిన ఆలోచన

1973లోనే కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్సు వద్ద నాసా విమాన పరిశోధన కేంద్రములో ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ అను ఇంజనీరు ఉండేవాడు. ఆయన సైకిలుపై ఉద్యోగమునకు పోతుండగా, పెద్ద ట్రక్కు పక్కనుండి దూసుకొనిపోయినప్పుడెల్ల గాలి మొదట తనను బయటికి నెట్టి, తరువాత ట్రక్కువైపునకు లాగుట గమనించినాడు. గాలిని ఇంతగా కదలించుటకు శక్తి ఎక్కడిది? ట్రక్కు పెట్రోలులోనిదే కదా! ఆయన బృందము ఒక వ్యానునకు చుట్టూ రేకులతో పదునైన మూలలు గల పెట్టె బిగించి గాలి నిరోధమును కొలిచినది. తరువాత ముందరి మూలలను గుండ్రముగా చేసినారు. ఆ ఒక్క మార్పుతోనే నిరోధము సగానికి పైగా తగ్గినది. అడుగుభాగమును చదునుగా మూసివేస్తే మరికొంత తగ్గినది. నేటి లారీల నున్నని మూలలకు, తలపైనున్న వంపు రేకులకు ఈ కృషి ఒక ఆధారము.

పికప్ యజమానులలో ఒక నమ్మకము గట్టిగా ఉండేది: తొట్టి వెనుక తలుపును దించి నడిపితే గాలి తిన్నగా పోయి పెట్రోలు మిగులుతుందని. చూచుటకు సబబుగానే తోస్తుంది. కాని వాయుసొరంగములలో పరీక్షించగా వేరొక విషయము కనబడినది. తలుపు మూసియున్నప్పుడు తొట్టిలో ఒక పెద్ద గాలిసుడి నిలుస్తుంది. పైనుండి వచ్చే గాలి ఆ సుడిపై మెత్తపై జారినట్లు జారి వెనుకకు పోతుంది. తలుపు దించితే ఆ సుడి చెదరిపోతుంది. సాధారణముగా లాభము కలుగదు, నష్టము కూడ కలుగవచ్చును. తొట్టిపై గట్టిగా బిగిసిన మూత వేయుట వలన కొద్దిపాటి మేలు ఉంటుంది.

ఒక కాలపు సత్యము, మరొక కాలపు భ్రమ

బండి సంరక్షణ గురించి మెకానిక్కులు తరతరములుగా చెప్పే మొదటి మాట, గాలి వడపోతను శుభ్రము చేయించుకొనుమని. కార్బురేటరు కాలములో అది అక్షరాల నిజము. వడపోతలో దుమ్ము నిండితే గాలి తగ్గి, మిశ్రమములో పెట్రోలు పాలు ఎక్కువై, కొంత మండకుండనే పొగలో పోయేది.

1976లో బాష్ కంపెనీ తయారుచేసిన ఆమ్లజని సెన్సరు వోల్వో కార్లలో అమరినది. పొగలో మిగిలిన ఆమ్లజనిని కొలిచి, ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ల గాలి ఉండేటట్లు ఎలక్ట్రానిక్ యంత్రము పెట్రోలు చిమ్ముటను సరిదిద్దుతుంది. కార్బురేటరు క్రమముగా మూలపడినది. 2009లో టెన్నెసీలోని ఓక్ రిడ్జి జాతీయ పరిశోధనాలయము వడపోతను కావలెననే మూసి కొత్తరకము బండ్లను పరీక్షించినది. మైలేజి చెప్పుకోదగినట్లు తగ్గలేదు; వేగమందుకొనుట మాత్రము మందగించినది. గాలి తగ్గితే యంత్రము పెట్రోలును కూడ తగ్గించివేస్తుంది కనుక ఇట్లు జరిగినది. వడపోత అవసరము పోలేదు, దుమ్మును ఆపి సిలిండరును కాపాడుతుంది. కాని దానినుండి ఆశించదగిన పొదుపు మారిపోయినది. అదే సెన్సరు పాడైతే మాత్రము గట్టి దెబ్బ. అట్టి పెద్దలోపమును సరిచేయించితే మైలేజి 40 శాతము వరకు మెరుగుపడవచ్చునని అమెరికా ఇంధనశాఖ చెప్పుచున్నది.

కొన్ని మాటలు అన్ని కాలములకు నిజమే. టైరు నేలను తాకినచోట అణగి, మరల లేస్తుంది. ఈ నలుగుడులో శక్తి వేడిగా మారుతుంది. నాలుగు టైర్లలో సగటున ఒక పౌను ఒత్తిడి తగ్గితే మైలేజి 0.2 శాతము పడిపోతుంది. ఇది స్వల్పమనిపించును; కాని పది పౌనులు తగ్గిన టైర్లతో నెలల తరబడి తిరిగేవారు ఎందరో ఉన్నారు. మిషెలిన్ కంపెనీ 1949 నుండి అమ్మిన రేడియల్ టైర్లు ఈ నలుగుడునే తగ్గించినవి. ఇంజనుకు చెప్పిన రకము నూనె వాడితే ఒకటి రెండు శాతములు, తొట్టిలో 45 కిలోల అనవసరపు బరువు దింపితే ఒక శాతము కలిసివస్తాయి. అన్నిటికంటె పెద్దది నడిపే పద్ధతి. దూకుడుగా వేగమెత్తి, గట్టిగా బ్రేకు వేయుటను మానుకొంటే కలిగే లాభము పది శాతమునకు పైమాటే.

మార్పులలో హానికరమైనవి కూడ ఉన్నవి. అందముకొరకు బండిని ఎత్తుచేసి, వెడల్పు టైర్లు తొడిగేవారు గాలి నిరోధమును, దొర్లుడు నిరోధమును రెండింటిని పెంచుకొంటున్నారు. పైగా పెద్ద చక్రము ఒక చుట్టులో ఎక్కువ దూరము పోతుంది. దూరము చూపే మీటరుకు ఆ సంగతి తెలియదు. అది తక్కువ చూపుతుంది. మీటరును సరిదిద్దనిదే మైలేజి లెక్క తప్పుతుంది.

బరువు తగ్గించుటలో పెద్ద అడుగు 2015లో పడినది. ఫోర్డు కంపెనీ తన ఎఫ్-150 పికప్పు పైభాగమును ఉక్కుకు బదులు అల్యూమినియము మిశ్రలోహముతో చేసి, 300 కిలోలకు పైగా బరువు తగ్గించగలిగినది. 281 డాలర్ల ఉక్కుతొట్టి పుట్టిన తొంబది ఏండ్లకు ఇది జరిగినది.

తరగతికి ఒక పని

ఈ చరిత్ర అంతటిలో గెలిచినది కొలిచి చూచినవాడే. వెనుక తలుపు, అయస్కాంతము, గాలి వడపోత: మూడింటిలోను ఊహ ఒకటి చెప్పినది, కొలత మరొకటి చెప్పినది. ఉపాధ్యాయులు విద్యార్థులచే ఈ పని చేయించవచ్చును. ఇంటిలోని మోటారు సైకిలు ట్యాంకును నిండుగా నింపించి, మీటరు సంఖ్య వ్రాసికొనవలెను. కొన్ని రోజుల తరువాత అదే బంకులో, అదే మట్టమునకు మరల నింపించి, పట్టిన లీటర్లను, తిరిగిన దూరమును వ్రాసికొనవలెను. ఇట్లు నాలుగుసార్లు చేసి సగటు తీయవలెను. ఒక్కసారి తీసిన లెక్కను నమ్మరాదు. ఆ తరువాత టైర్లలో గాలి సరిచేసి, మరి నాలుగుసార్లు కొలవవలెను. ఒకేసారి రెండు మార్పులు చేయరాదు. చేసినచో ఏది దేని ఫలితమో తెలియదు.

చివరకు ఫలితమును లీటరుకు ఎన్ని కిలోమీటర్లని కాక, నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని వ్రాయించండి. అప్పుడు ఎక్కువ తాగే బండి ఏదో, పొదుపు మొదట ఎక్కడ చేయవలెనో వారికే తెలుస్తుంది.